బాతు మాట్లాడకూడదు

పెళ్ళయ్యాక మా ఆవిడ హాస్టల్ గది ఖాళీ చేసి సామాను మా ఇంటికి చేరవేసిన రోజున అన్నీ భద్రంగా వచ్చాయి. పుస్తకాల పెట్టెలు వచ్చాయి. కంప్యూటరు వచ్చింది. మెడ వాలిపోయిన టేబుల్ లైటు వచ్చింది. చెవి విరిగిన కప్పు కూడా ఉన్న విరుగుతోనే క్షేమంగా దిగింది. రానిది ఒక్కటే. ఆవిడ బాతు.

రబ్బరు బాతు. పసుపుపచ్చది. చంటిపిల్లలకి స్నానం చేయించేటప్పుడు తొట్టిలో వదుల్తారే, ఆ రకం.

"పోనీలే, ఇంకోటి కొనుక్కుందాం. బొమ్మేగా," అన్నాను.

పెట్టెల మధ్య మోకాళ్ళ మీద కూచుని వెతుకుతున్న మనిషి తలెత్తి చూసింది. "బొమ్మా? మూడేళ్ళుగా నా కష్టసుఖాలన్నీ విన్నది అది. నువ్వు నిన్న కాక మొన్న వచ్చావు."

కొత్త పెళ్ళికొడుకుని. నేనూ మోకాళ్ళ మీద కూచుని వెతికాను. బాతు దొరకలేదు గానీ, ఇద్దరం ఒకే పెట్టెలో తలలు దూర్చి వెతకడం ఎంత బాగుంటుందో తెలిసింది.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక అలవాటు ఉందట. రాసింది పనిచెయ్యక, తప్పెక్కడుందో అంతుపట్టకపోతే, బల్ల మీద ఒక రబ్బరు బాతుని పెట్టుకుని, దానికి మొదటి లైను నుంచీ ఒక్కొక్కటే వివరించి చెప్తారట. ఇది ఎందుకు రాశాను, ఇది ఏం చేస్తుంది, దీని తర్వాత ఏమవుతుంది. బాతు ఏమీ అనదు. అనకపోవడమే దాని గొప్పతనం. చెప్పుకుంటూ పోతుంటే ఎక్కడో ఒకచోట చెప్పేవాళ్ళ నోటికే తప్పు తగుల్తుంది, అన్నంలో రాయి తగిలినట్టు.

ఆ సాయంత్రమే ఆవిడ ప్రోగ్రాము ఒకటి మొరాయించింది. బాతు లేదు. ఇల్లంతా కలయజూసింది. నేను దొరికాను.

"ఇలా వచ్చి కూచో. మాట్లాడకూడదు. తల ఊపకూడదు. అర్థమైనట్టు మొహం పెట్టకూడదు."

"అర్థం కానట్టు పెట్టొచ్చా?"

"ఏ మొహమూ పెట్టకూడదు. బాతుకి ఉన్న మొహం ఒకటే."

అప్పుడే స్నానం చేసి వచ్చానేమో, భుజం మీద పసుపు తువ్వాలు ఉంది. దాన్ని తీసి నా నెత్తిన కప్పి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, తృప్తిగా "ఆఁ, ఇప్పుడు సరిపోయింది" అంది. పెళ్ళయి నెల తిరక్కుండానే నాకు ఇంట్లోనే ఉద్యోగం దొరికింది.

ఆవిడ చదువు సంగతి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. ఒక డిగ్రీ మొయ్యడానికే జనం నడుం పట్టుకుని మూలుగుతుంటే, మా ఆవిడ ఒకేసారి రెండు మోస్తోంది. కంప్యూటర్ సైన్సూ, లా కూడా. పొద్దున ఒక భవనం, మధ్యాహ్నం వీధికి అవతల ఇంకో భవనం. కంప్యూటర్ భవనంలో అందరూ చెప్పులతో, నలిగిన చొక్కాలతో తిరుగుతారు. అక్కడ ఇస్త్రీ బట్టలు వేసుకుంటే ఏదో అమ్మడానికి వచ్చారనుకుంటారు. లా భవనంలో నల్లబూట్లు లేకుండా మెట్లెక్కితే గుమ్మం దగ్గరే పైనుంచి కిందిదాకా చూస్తారు. అందుకని మా ఆవిడ సంచిలో నల్లబూట్లు పెట్టుకుని తిరుగుతుంది. రెండు భవనాల మధ్య వీధిలో ఒక బెంచీ ఉంది. మధ్యాహ్నం దాని మీద కూచుని, చెప్పులు విప్పి, బూట్లు తొడుక్కుని, ఇంజినీరుగా కూచున్నది లాయరుగా లేస్తుంది.

ఆ బెంచీకి సరిగ్గా ఎదురుగా ఉంది, నేను పనిచేసే కళ్ళజోళ్ళ కొట్టు. చూపు పరీక్ష చెయ్యడం చదువుకుని అక్కడే చేరాను. రోజూ అద్దంలోంచి ఆ బూట్ల మార్పిడి చూసేవాణ్ణి. ఒకరోజు ఆ బూట్లే కొట్టులోకి నడిచొచ్చాయి. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయట.

కుర్చీలో కూచోబెట్టి, కళ్ళకి ఫ్రేము తగిలించి, అద్దాలు మారుస్తూ, మా వాళ్ళందరూ అడిగేదే అడిగాను. "ఇది స్పష్టంగా ఉందా... ఇదా?"

"దేనితో పోలిస్తే?"

"దీని ముందుదానితో."

"అయితే ముందుదాన్ని ఇంకోసారి చూపించండి. సాక్ష్యం సరిగ్గా చూడకుండా తీర్పు చెప్పలేను."

ముగ్గురికి పట్టే సేపు ఆ ఒక్క పరీక్షకే పట్టింది. నాకేమీ తొందర లేదు. కళ్ళజోడు తయారయ్యాక పెట్టుకుని, వీధిలోకి చూసి, "అబ్బ, ఆ చెట్టుకి విడివిడిగా ఆకులున్నాయి!" అంది. అద్దంలోంచి ఆ బెంచీనీ, బెంచీ నుంచి మా కొట్టునీ కొలిచినట్టు చూసి, "ఇక్కణ్ణుంచి అంతా కనబడుతుందన్నమాట," అంది. నా చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత జరగాల్సిందంతా జరిగింది.

ఇప్పుడు మా రెండు గదుల ఇల్లు ఒక లాండ్రీ మీద ఉంది. పగలంతా కింది నుంచి వెచ్చటి ఆవిరి, సబ్బు వాసన వస్తుంటాయి. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు, ఒకదాని మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు వాలి ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పళ్ళు తోముకుంటూ నవ్వే మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నాలో ఒక లోపం మాత్రం ఆవిడ మొదటివారంలోనే పట్టేసింది.

"పాలు దించావా?"

"దించేశా!" అంటాను, కుర్చీలోంచి లేస్తూ. నేను పొయ్యి దగ్గరికి చేరేసరికి పాలు గిన్నె దిగి గట్టు మీద నడుస్తుంటాయి.

"బయల్దేరావా?"

"దారిలో ఉన్నా!" అంటాను, కొట్టు తాళం వెతుక్కుంటూ.

"నీ 'అయింది'కీ, పని అవ్వడానికీ మధ్య మనిషి ఒక కునుకు తీసి లేవచ్చు," అంటుంది మా ఆవిడ. ఫోనులో మా అక్క దానికి వంత పాడుతుంది. "చిన్నప్పట్నుంచీ వాడంతే మరదలా. ఇల్లు అలకగానే పండగంటాడు. నువ్వేం బెంగపడకు, ముసలాడయ్యేలోపు బాగుపడతాడు."

ఇదే అక్కకి మా ఆవిడ చదువంటే మాత్రం మింగుడుపడదు. "ఒరేయ్, ఒక్క డిగ్రీతో మేమంతా బతకట్లేదా? రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఎంతదూరం పోతుందిరా పిల్ల?"

"పడవలు రెండైనా ఏరు ఒకటే వదినా," అని వెనకనుంచి అరిచేది మా ఆవిడ. అరిచి, ఫోను పెట్టేశాక కాసేపు గోళ్ళు కొరుక్కునేది. ఎందుకంటే ఒక పడవ నిజంగానే ఊగుతోంది.

మూడో ఏడు చివర్లో ఉమ్మడి పరీక్ష ఒకటుంది. ఒకే కేసు, ఇద్దరు పరీక్షకులు. కంప్యూటర్ విభాగం నుంచి ఒకరు, లా విభాగం నుంచి ఒకరు. ఇద్దరూ సంతకం పెడితేనే రెండు డిగ్రీలూ కొనసాగుతాయి. లా సంతకం పడకపోతే లా వదిలేసి, కంప్యూటర్ ఒక్కటే చదువుకుని బయటికి రావాలి. లా విభాగంలో ఆ సంతకం పెట్టే మనిషికి పిల్లలు పెట్టుకున్న పేరు కత్తెర మాస్టారు. ఎవర్నీ ఒక వాక్యం పూర్తిచెయ్యనివ్వడు. జడ్జీలు ఇలాగే అడ్డుపడతారు, ఇప్పుడే అలవాటు పడండి అంటాడు.

కిందటేడు ఆయన ముందు మా ఆవిడ వాదించింది. "యువరానర్, ఈ కేసు పూర్వాపరాలు చిత్తగిస్తే..." అనగానే ఆయన ఏదో అడిగాడు. జవాబు చెప్పింది. చెప్పి, మళ్ళీ "యువరానర్, ఈ కేసు పూర్వాపరాలు..." అని మొదలెట్టింది. ఆయన మళ్ళీ అడ్డుపడ్డాడు. ఈవిడ మళ్ళీ మొదటికెళ్ళింది. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే మొదటి లైను నుంచి నడిపించాలి కదా, ఆ అలవాటు నోటికి కూడా పట్టేసింది. పూర్వాపరాల్లో పూర్వం దాటకుండానే టైమైపోయింది. "అమ్మాయ్, ఇంకోసారి ఇలా జరిగితే నీకు ఒక డిగ్రీ చాలు," అన్నాడట మాస్టారు.

ఆవిడకి రెండూ కావాలి. ఎందుకని ఒకసారి అడిగాను. "తలుపులు, బళ్ళు, జబ్బులు, జీతాలు, అన్నిటినీ ఇకమీదట ప్రోగ్రాములే చూస్తాయి. తప్పు జరిగినప్పుడు కోర్టులో ఒకడు 'అది మిషను చేసిందండీ, మాకు తెలీదండీ' అంటాడు. అప్పుడు లేచి, 'నాకు తెలుసు' అనేవాళ్ళు ఒకరుండాలి," అంది, టోస్టు మీద వెన్న రాస్తూ. రాసి, పెద్ద ముక్క నాకిచ్చింది. ఆ క్షణంలో నేను ఎన్ని బాతులుగా ఉండమన్నా ఉండేవాణ్ణి.

అలా నాకు రెండో ఉద్యోగం వచ్చింది. జడ్జీ. మా దగ్గర నల్లకోటు లేదు, నల్ల రెయిన్‌కోటు ఉంది. చేతిలో గరిటె. బాతు ఒక్క మాట మాట్లాడకూడదు, జడ్జీ ఒక్క వాక్యం వదలకూడదు. కొన్ని సాయంత్రాలు తువ్వాలు తీసి కోటు, కోటు తీసి తువ్వాలు వేసుకోవడంతోనే అలిసిపోయేవాణ్ణి. ఒకసారి పొరపాటున తువ్వాలు మీద కోటు వేసుకుని కూచున్నాను. ఆవిడ చూసి, "ఇప్పుడు నేను నీతో మాట్లాడాలా, నీ చేత మాట్లాడించాలా?" అని నవ్వీ నవ్వీ నేల మీద కూలబడింది.

ఇంకో విషయం. కొట్టు నుంచి వచ్చేదారిలో ఒక దుకాణం కిటికీలో నాకు పసుపు రబ్బరు బాతు కనబడింది. కొనేశాను. కొని, మెట్లెక్కుతూ ఆలోచించాను. ఇది ఇంట్లోకి వస్తే నా ఉద్యోగం ఏం కావాలి? సాయంత్రాలు మోకాలికి మోకాలు ఆనించి కూచుని, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ నాకు మాత్రమే చెప్పే ఆ లైన్లన్నీ ఎవరు వింటారు? బాతుని రెయిన్‌కోటు లోపలి జేబులో వేసి జిప్పు లాగేశాను.

ఉమ్మడి పరీక్షకి కేసు ఇచ్చారు. ఒక పెళ్ళికొడుకు హోటల్లో దిగాడు. పెళ్ళి రోజు పొద్దున్నే గది గడువు అయిపోతుందని, ముందురోజు సాయంత్రం కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఇంకో రోజు ఉంటానన్నాడు. గుమాస్తా మీట నొక్కాడు. తెర మీద 'పొడిగించడమైనది' అని వచ్చింది. సరేనండి అన్నాడు గుమాస్తా, సరే అన్నాడు పెళ్ళికొడుకు. మర్నాడు ఇస్త్రీ సూటు ఇంకా రాలేదేమిటని బనీనుతో వరండాలోకి తొంగిచూస్తే వెనక తలుపు మూసుకుపోయింది. గది తాళం కార్డుతో తెరుచుకునే రకం. జేబులోని కార్డు పెట్టాడు. తెరుచుకోలేదు. అది సరిచేసేలోపు ముహూర్తం దాటిపోయేలా ఉంటే, పాపం వెయిటర్ యూనిఫాం అరువడిగి వేసుకుని పెళ్ళికి వెళ్ళాడు. వచ్చినవాళ్ళంతా ఆయన్నే మంచినీళ్ళు అడిగారు. కొత్త గడువుని కార్డులోకి ఎక్కించాలంటే, కౌంటర్ మీదున్న చిన్న పెట్టెకి కార్డుని ఆనించాలట. గుమాస్తా ఆ పని చెయ్యలేదు.

పెళ్ళికొడుకు హోటల్ మీద కేసు పెట్టాడు. హోటలు తాళాల కంపెనీ మీదికి నెట్టింది. మా ఆవిడ వంతుకి వచ్చింది తాళాల కంపెనీ. ఆ తాళం ప్రోగ్రాముని కంప్యూటర్ విభాగం మేడమ్ రాసి ఇచ్చింది. దాన్ని చదివి, వివరించి, దాని తరఫున వాదించాలి.

"వాదన తిరుగులేనిది," అంది మా ఆవిడ. "మా ప్రోగ్రాము ఎవరికీ అబద్ధం చెప్పలేదు, చెయ్యాల్సింది చెయ్యనిది గుమాస్తా. అంతే."

"పసుపు తువ్వాలు తీసుకురానా?"

"ఎందుకు? ప్రోగ్రాము చక్కగా నడుస్తోందిగా. చెడితేనే బాతు. నువ్వు కోటు వేసుకో, కత్తెర మాస్టారులా అడ్డుపడు. నాకు కావలసింది అది."

కోటు వేసుకున్నాను. నాకసలే పెళ్ళికొడుకంటే జాలి. సాటి పెళ్ళికొడుకుని.

"యువరానర్, ఈ కేసు పూర్వాపరాలు..."

"ఆగండి. ఆ అబ్బాయికి బూట్లయినా ఉన్నాయా?"

"...బూట్లా?"

"వెయిటర్ బూట్లు కాలికి పట్టాయా అని కోర్టు అడుగుతోంది."

"కోర్టుకి బుద్ధుందా? యువరానర్, ఈ కేసు పూర్వా..."

"మళ్ళీ మొదటికొచ్చావు!" గరిటెతో బల్ల మీద కొట్టాను. కింద లాండ్రీ ఆవిడ చీపురుతో పైకప్పు పొడిచింది.

నాలుగు సాయంత్రాలు ఇలాగే గడిచాక ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. వాదనలోని మెట్లని వేలి కణుపులకి అప్పగించింది. బొటనవేలు ఒక్కో కణుపు మీద పెట్టుకుంటూ ముందుకి వెళుతుంది. నేను అడ్డుపడితే బొటనవేలు అక్కడే ఉంటుంది. జవాబు చెప్పి, వేలు ఎక్కడుందో చూసుకుని అక్కణ్ణుంచి అందుకుంటుంది. పుస్తకంలో పెట్టుకున్న గుర్తులాగ. ఆ తర్వాత నేను ఎంత అడ్డదిడ్డంగా అడిగినా లాభం లేకపోయింది. పెళ్ళికూతురు ఏమందని అడిగాను. బనీను రంగేమిటని అడిగాను. మధ్యలో టీ అడిగాను. అన్నిటికీ జవాబు చెప్పి, టీ తెచ్చిచ్చి, అదే కణుపు మీంచి మొదలెట్టింది. కోటు విప్పి పక్కన పెట్టాను. "ఇక మాస్టారి కత్తెర మొండిది అవ్వాల్సిందే," అన్నాను.

పరీక్ష రోజున వాన. రెయిన్‌కోటు నిజంగానే వాన కోసం వేసుకుని, కొట్టులో సెలవడిగి వెళ్ళాను. లా భవనంలో ఉత్తుత్తి కోర్టు గది ఒకటుంది. ఎత్తుగా బల్ల, బోను, వెనక నాలుగు వరసల బెంచీలు. ఇష్టమున్నవాళ్ళు కూచుని వినొచ్చు. ఆఖరి బెంచీ మీద కూచున్నాను. మా ఆవిడ నల్లబూట్లతో ముందు నిలబడింది. కుడిచేతి బొటనవేలు మొదటి కణుపు మీద ఉంది.

కత్తెర మాస్టారు వచ్చాడు. సన్నటి మనిషి, చెయ్యి అప్పుడే పైకి లేవబోతున్నట్టు ఉంది. ఆయన పక్కన చెప్పులతో కంప్యూటర్ మేడమ్ వచ్చి కూచుంది. తన ముందున్న కాయితాలు సర్దుకుని, "మాస్టారూ, ఉమ్మడి పరీక్ష ఒక ఏడు మీ పద్ధతిలో, ఒక ఏడు మా పద్ధతిలో కదా. ఈ ఏడు మాది. మా దగ్గర చెప్పేవాళ్ళు చెప్పడం పూర్తయ్యాకే ప్రశ్నలు," అంది.

"మధ్యలో ఒకటి రెండు..."

"ఒక్కటి కూడా వద్దు."

మాస్టారు నోరు తెరిచి, మూశాడు. ఇన్ని సాయంత్రాలు అడ్డుపడే మనిషి కోసం తయారయ్యాం. ఇప్పుడు అడ్డుపడేవాడే లేడు. ఈత నేర్చుకుని ఏటి దగ్గరికి వెళితే ఏట్లో నీళ్ళు లేనట్టుంది.

"యువరానర్, ఈ కేసు పూర్వాపరాలు చిత్తగిస్తే..." అని మా ఆవిడ అలవాటు కొద్దీ ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకొంచెం చెప్పి ఆగింది. కిటికీ మీద వాన చప్పుడు. మాస్టారు గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, కదలకుండా, ఒకే మొహంతో చూస్తున్నాడు.

ఆ మొహం చూస్తూ మా ఆవిడ భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఆ దిగడం నాకు తెలుసు. మోకాలికి మోకాలు ఆనించి కూచున్నప్పుడు రోజూ చూసేదే. కళ్ళజోడు ఎగదోసుకుంది. గొంతులోంచి లాయరు తప్పుకుని, మా ఇంట్లో టేబుల్ లైటు కింద వినబడే గొంతు వచ్చింది.

"ఇప్పుడు ప్రోగ్రాము చూద్దాం. ఈ లైనులో గుమాస్తా మీట నొక్కుతాడు. ఈ లైను కొత్త గడువుని కౌంటర్ కంప్యూటర్లో రాస్తుంది. ఎందుకంటే ముందు అక్కడ ఉండాలి గనక. దీని తర్వాత లైను తెర మీద 'పొడిగించడమైనది' అని చూపిస్తుంది. దాని తర్వాత లైను, కార్డు పెట్టె మీదికి వస్తుందేమోనని కాచుకుని..."

ఆగింది.

ఎవరూ అడ్డుపడలేదు. తనంతట తనే ఆగింది. నాకు అర్థమైపోయింది. అన్నంలో రాయి తగిలింది.

తెర మీద 'పొడిగించడమైనది' అని వచ్చేసరికి కార్డుకి ఇంకా ఏమీ తెలియదు. తలుపుకి అంతకన్నా తెలియదు. పని అవ్వకుండానే ప్రోగ్రాము 'అయింది' అంటోంది. ఎవరికీ అబద్ధం చెప్పలేదన్న వాదన, తిరుగులేనిది అనుకున్న వాదన, కోర్టు మధ్యలో ఆవిడ నోటితోనే కూలిపోయింది.

మాస్టారి వేలు పైకి లేచింది. "ఇంకా అవలేదు మాస్టారూ," అంది మేడమ్. వేలు దిగింది.

నా నోటి చివరిదాకా వచ్చింది ఏదో ఒకటి అనాలని. ఏదో ఒక సైగ, ఒక దగ్గు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాను. అది ఆవిడ కోర్టు. బాతు మాట్లాడకూడదు.

ఆవిడ ఒక్కసారి వెనక్కి తిరిగి నావైపు చూసింది. పాలు పొంగినప్పుడు చూసే చూపు. తర్వాత తన చేతివైపు చూసుకుంది. బొటనవేలు మూడో కణుపు మీద ఉంది. మొదటికి వెళ్ళలేదు.

"యువరానర్," అంది. "నా క్లయింటు తప్పు ఏమీ లేదని ఇందాక అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోర్టుకి చెప్పిన మాట తప్పని తెలిశాక దాన్ని పట్టుకుని వేలాడకూడదు. ఈ ప్రోగ్రాము పని అయ్యాక 'అయింది' అనడం లేదు, మొదలెట్టగానే 'అయింది' అంటోంది. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. ఇది అలకడానికి బకెట్టు తీయగానే పండగని బోర్డు కట్టేసింది. మా ఇంట్లోనూ ఇలాంటి ప్రోగ్రాము ఒకటుంది, దానితో నేను రోజూ కాపురం చేస్తున్నాను. అయినా పట్టుకోలేకపోయాను."

బెంచీల మీద నవ్వులు. మేడమ్ కళ్ళు గది వెనక్కి తిరిగి, తడిసిన రెయిన్‌కోటు దగ్గర ఆగాయి. నేను బెంచీలోకి కుంగిపోయాను.

"అయితే," అని బొటనవేలు తర్వాతి కణుపుకి జరిపింది, "ఆ తెర మాది గనక ఆ తప్పులో వాటా మాది. కార్డుని పెట్టెకి ఆనించి, దాని మీద దీపం వెలిగిందో లేదో చూసి గాని ఇవ్వొద్దని హోటల్‌కి తాళాలు బిగించిన రోజునే చెప్పాం. వాళ్ళు చూడలేదు. ఆ వాటా వాళ్ళది. నష్టం ఇద్దరం కలిసి భరించాలని కోరుతున్నాను. బనీనుతో వరండాలోకి రావడం మాత్రం పెళ్ళికొడుకు సొంత నిర్ణయం."

"అయిందా?" అని అడిగింది మేడమ్.

"ఇప్పుడు అయింది," అంది మా ఆవిడ.

"ఇక మీ ఇష్టం మాస్టారూ."

గట్టు తెగినట్టు ప్రశ్నలు. వాటాలు ఎవరు తేలుస్తారు? దీపం ఎంతసేపు వెలుగుతుంది? గుమాస్తా కొత్తవాడైతే? ప్రతి ప్రశ్న మధ్యలో ఇంకో ప్రశ్న. ఆవిడ ఒక్కసారి కూడా పూర్వాపరాల దగ్గరికి వెళ్ళలేదు. ఆఖర్న మాస్టారు వెనక్కి వాలి, అలిసిపోయిన గొంతుతో అన్నాడు.

"ఆ లైను దగ్గర నిన్ను నిలదీద్దామని వారం నుంచి కాచుకుని కూచున్నాను. మేడమ్ గొయ్యి తవ్వింది, తొయ్యడం నా వంతు అనుకున్నాను. ఈవిడ నా నోరు కట్టేసింది. ఒకందుకు మంచిదే. నేను అడిగాక ఒప్పుకుంటే దొరికిపోవడం. అడక్కుండా ఒప్పుకుంటే వకాల్తా." మేడమ్ వైపు తిరిగి, కొంచెం కోపంగా, "మీ పద్ధతి అంత పనికిమాలినదేం కాదు," అన్నాడు. అని, కలం మూత తీశాడు.

బయట వాన తగ్గింది. బెంచీ తడిగా ఉంటే నా రెయిన్‌కోటు విప్పి పరిచాను. మా ఆవిడ దాని మీద కూచుని, నల్లబూట్లు విప్పుకుంటూ, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఉంది. నా ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్, అయిందా?"

నోటి చివరికి వచ్చిన మాటని వెనక్కి లాక్కున్నాను. "మాస్టారి సంతకం అయింది. మేడమ్ సంతకం కూడా అయింది. రెండూ నా కళ్ళతో చూశాను. అందుకని చెప్తున్నా అక్కా, అయింది."

"మరదలు పాసైనందుకు కాదురా," అంది అక్క, గొంతు బొంగురుగా, "నువ్వు బాగుపడ్డావని ఏడుపొస్తోంది. దానికివ్వు ఫోను... వద్దులే, రేపు వస్తా. రెండు పడవల పిల్లకి పెద్ద కేకు తెస్తున్నానని చెప్పు."

ఫోను జేబులో పెట్టేసరికి మా ఆవిడ అటూ ఇటూ కదులుతోంది. "ఏమిటిది? గుచ్చుకుంటోంది." కింద చెయ్యి పెట్టి తడిమి, రెయిన్‌కోటు లోపలి జేబు జిప్పు లాగింది. పసుపు ముక్కు బయటికి వచ్చింది.

బాతు మా ఇద్దరి మధ్య కూచుని వీధిని చూసింది. దానికి ఉన్న మొహం ఒకటే. నా మొహం మాత్రం ఎన్ని రంగులు మారిందో నాకే తెలియదు.

"ఇది ఎప్పటిది?"

"చాలా... కొన్నాళ్ళ కిందటిది."

"సాక్ష్యం దాచిపెట్టడం నేరమని తెలుసా?"

"తెలుసు. ఇది వస్తే నా ఉద్యోగం పోతుందని."

చెప్పు ఒక కాలికి, బూటు ఇంకో కాలికి ఉండగానే ఆవిడ నావైపు తిరిగి చాలాసేపు చూసింది. మా కొట్టు అద్దంలోంచి మా యజమాని చూస్తున్నాడు. నాకు పట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే బాతుని కిటికీ గట్టు మీద, లాండ్రీ ఆవిరి వెచ్చగా తగిలే చోట, వీధి వైపు తిప్పి పెట్టింది. "ఇది రిజర్వు. నీకు జ్వరమొచ్చిన రోజున పిలుస్తా." తర్వాత కొత్త ప్రోగ్రాము తెరిచి, పసుపు తువ్వాలు తెచ్చి నా నెత్తిన కప్పి, మోకాలికి మోకాలు ఆనించి కూచుంది.

"పాలు దించావా?"

లేచి, వెళ్ళి, దించి, వచ్చి కూచున్నాను. అప్పుడు చెప్పాను, "దించాను."

"మొదటి లైను," అంది మా ఆవిడ. నేను ఏ మొహమూ పెట్టకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను.